కెనడా డెంటల్ ప్లాన్‌లో క్రౌన్ కవర్ అవుతుందంటే అర్థం ఏమిటి? అమ్మగారి క్యాప్ రిజెక్ట్ అయిందని అడిగిన వారికి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బ్రాంప్టన్‌లో ఉంటున్నారు, అమ్మగారికి కింద ఎడమ వైపు పెద్ద దవడ పంటికి రూట్ కెనాల్ అయింది, దానికి కెనడియన్ డెంటల్ కేర్ ప్లాన్ (సీడీసీపీ) డబ్బు కట్టింది, తీరా క్యాప్ (క్రౌన్ అన్నా ఇదే, పంటి మీద వేసే తొడుగు) దగ్గరికి వచ్చేసరికి ప్రీఆథరైజేషన్, అంటే ముందస్తు అనుమతి, రిజెక్ట్ అని ఉత్తరం వచ్చింది, క్లినిక్ వాళ్లు సొంతంగా అయితే 1,600 డాలర్లు అంటున్నారు. ప్లాన్‌లో క్రౌన్స్ ఉన్నాయని గవర్నమెంటే చెబుతోంది కదా, మరి ఇదేంటి అని మీ బాధ. దీనికి తోడు మీ ఫ్రెండ్ ఒకరు "నీ జీతం లక్ష డాలర్లు దాటింది, అమ్మకి అసలు ఈ ప్లాన్ రాకూడదు, రేపు అంతా వెనక్కి కట్టమంటారు" అని భయపెట్టారు.

నేను ఇండియాలో బీడీఎస్ చేసి వచ్చి ఇక్కడ పదకొండేళ్లుగా డెంటల్ క్లినిక్కుల్లో ఇన్సూరెన్స్ పని చూస్తున్నాను. సీడీసీపీ వచ్చిన మొదటి రోజు నుంచి ఈ కాగితాలే నా పని. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు ఆ భయం వదిలించుకోండి. ప్లాన్ చూసేది కుటుంబ ఆదాయం, నిజమే, సర్దుబాటు చేసిన నికర కుటుంబ ఆదాయం 90,000 డాలర్ల లోపు ఉండాలి. కానీ ఇక్కడ కుటుంబం అంటే మన లెక్కలో ఒకే ఇంట్లో ఒకే వంట తినేవాళ్లందరూ కాదు. దరఖాస్తు పెట్టిన మనిషి, ఆ మనిషి భార్య లేదా భర్త, అంతే. పెద్దవాళ్లు మీ ఇంట్లోనే ఉన్నా, వాళ్ల ఖర్చంతా మీరే చూస్తున్నా, మీ జీతం వాళ్ల లెక్కలోకి రాదు. అమ్మగారి ఆదాయం, నాన్నగారి ఆదాయం, ఈ రెండే కలుపుతారు. నాన్నగారికి ఆంధ్రలో రిటైర్మెంట్ పెన్షన్ వస్తోందని రాశారు కదా, అది ఇక్కడి ట్యాక్స్ రిటర్న్‌లో చూపించారో లేదో ఒకసారి చూసుకోండి. ఇక్కడ ట్యాక్స్ రెసిడెంట్ అయ్యాక ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపించాలి. ఊళ్లో ఇంటి అద్దె, బ్యాంకు ఎఫ్‌డీ మీద వడ్డీ, అన్నీ. చాలామంది "అది ఇండియా డబ్బే కదా" అని వదిలేస్తారు. మీరు టెన్షన్ పడాల్సింది ఏదైనా ఉంటే ఇదీ, మీ జీతం కాదు. ఆ పెన్షన్ కలిపినా 90,000 దాటే ప్రసక్తి సాధారణంగా ఉండదు, కాబట్టి సరిగ్గా చూపించడం వల్ల పోయేదేమీ లేదు. గతంలో వదిలేసి ఉంటే రిటర్న్ సవరించుకోవచ్చు.

మీ ఆఫీసు డెంటల్ ఇన్సూరెన్స్ సంగతి కూడా అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే మా దగ్గర ఎక్కువమంది తడబడేది ఇక్కడే. వేరే డెంటల్ ఇన్సూరెన్స్ అందుబాటులో ఉన్నవాళ్లకి సీడీసీపీ రాదు. "అందుబాటులో" అన్న మాట గమనించండి, వాడుకుంటున్నారా లేదా అన్నది ప్రశ్న కాదు, కంపెనీ ఇస్తానంటే మీరు వద్దన్నా సరే అందుబాటులో ఉన్నట్టే లెక్క. మీ టీ4లో, అంటే ఆఫీసు ఏటా ఇచ్చే జీతం ట్యాక్స్ స్లిప్పులో, 45వ బాక్సు చూడండి, అక్కడ 3 అని ఉంటే మీకు, మీ భార్యకి, మీ మీద ఆధారపడ్డ పిల్లలకి కవరేజీ ఉందని అర్థం. అందులో అమ్మానాన్నలు లేరు. కాబట్టి మీ ఇన్సూరెన్స్ అమ్మగారికి అడ్డు కాదు. ఒకవేళ నాన్నగారు కాలక్షేపానికని ఏ వేర్‌హౌస్‌లోనో పనికి చేరి, ఆ కంపెనీ కుటుంబానికి కూడా డెంటల్ ఇచ్చిందనుకోండి, అప్పుడు ఇద్దరికీ సీడీసీపీ పోతుంది. చేరే ముందు ఆ సంగతి అడిగి చేరమనండి.

ఇక అసలు విషయం.

ప్లాన్‌లో "కవర్ అవుతుంది" అన్న మాటకి రెండు అర్థాలున్నాయి, ఆ తేడా ఎవరూ విడమరచి చెప్పరు. క్లీనింగ్, ఎక్స్‌రే, ఫిల్లింగ్, పన్ను తీయడం లాంటివి షెడ్యూల్ ఎ అనే జాబితాలో ఉంటాయి, వాటికి ముందు అనుమతి అక్కర్లేదు, పరిమితి లోపల ఉంటే డెంటిస్ట్ చేస్తారు, బిల్లు పంపుతారు, అయిపోతుంది. క్రౌన్లు షెడ్యూల్ బి. 2024 మేలో ప్లాన్ మొదలైనప్పుడు ఈ రెండో జాబితా ఇంకా తెరవలేదు, ఆ ఏడాది నవంబరు నుంచే మొదలైంది. ఇందులో ఉన్న ప్రతి పనికీ డెంటిస్ట్ ముందుగా ఎక్స్‌రేలు, చిగుళ్ల కొలతలు, ఎందుకు అవసరమో రాసిన నోట్ అన్నీ సన్ లైఫ్ అనే ఇన్సూరెన్స్ కంపెనీకి పంపాలి, ప్లాన్‌ని ప్రభుత్వం తరఫున నడిపేది వాళ్లే. వాళ్లు ఒక్కో పంటినీ విడిగా చూసి అవునో కాదో చెబుతారు. అంటే క్రౌన్ కవర్ అవుతుందన్న మాటకి అర్థం, క్రౌన్ అడగడానికి వీలుంది అని. అడిగిన ప్రతిదీ ఇస్తారని కాదు.

రూట్ కెనాల్‌కి డబ్బు కట్టినవాళ్లు క్యాప్‌కి ఎందుకు కట్టరు, సగంలో వదిలేసినట్టే కదా అన్నారు. మీ కోపం నాకు అర్థమవుతుంది, డెంటిస్ట్రీ చదివిన మనిషిగా నాకూ అది సరైన పద్ధతి అనిపించదు. దవడ పంటికి రూట్ కెనాల్ చేసి క్యాప్ లేకుండా వదిలేస్తే ఆ పన్ను లోపల డొల్లగా, చుట్టూ పల్చటి గోడలతో మిగులుతుంది, జంతికలు నమిలేటప్పుడో మాంసంలో ఎముక తగిలినప్పుడో నిలువునా చీలుతుంది, చీలిక వేరులోకి దిగితే ఇక తీసేయడమే. కానీ వాళ్ల పద్ధతిలో రూట్ కెనాల్ ఒక నిర్ణయం, క్యాప్ ఇంకో నిర్ణయం. మొదటిదానికి కట్టినంత మాత్రాన రెండోదానికి హామీ లేదు.

క్యాప్ విషయంలో వాళ్లు చూసేది, ఈ పన్ను ఇంకొన్నేళ్లు నిలుస్తుందా, క్యాప్ లేకుండా ఫిల్లింగ్‌తో సరిపోదా అన్నది. వేరు చుట్టూ ఎముక ఎంత ఉంది, చిగురు జబ్బు అదుపులో ఉందా, చిగురు పైన క్యాప్ పట్టుకోడానికి సరిపడా పన్ను మిగిలిందా, రూట్ కెనాల్ చివరిదాకా సరిగ్గా నిండిందా, నోట్లో మిగతా పుచ్చులకి వైద్యం జరిగిందా. ఇవన్నీ ఎక్కడో ఆఫీసులో కూర్చున్న ఒక డెంటల్ కన్సల్టెంట్ మీ అమ్మగారిని చూడకుండా కేవలం ఎక్స్‌రే చూసి నిర్ణయిస్తారు. ఆ ఎక్స్‌రేలో కనిపించనిది వాళ్ల వరకు లేనట్టే.

ఒక ఉదాహరణ చెబుతాను. నిరుడు నేనే పంపిన కేసు. కాకినాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, అచ్చం మీ అమ్మగారిలాగే కింది దవడ పన్ను. ప్రీఆథరైజేషన్ పంపాను, రిజెక్ట్ అయింది. ఫైలు తెరిచి మళ్లీ చూస్తే తప్పు నాదే. ఎక్స్‌రేలో పన్ను పైభాగం చక్కగా ఉంది, రూట్ కెనాల్ మందు తెల్లటి గీతల్లా కిందికి దిగుతూ ఉంది, సరిగ్గా వేరు మొన దగ్గర ఫిల్మ్ అంచు తెగిపోయింది. రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఆ రెండు మిల్లీమీటర్లు కనిపించకపోతే మందు చివరిదాకా నిండిందో లేదో, మొన దగ్గర ఇన్ఫెక్షన్ మచ్చ ఉందో లేదో చూసేవాళ్లకి తెలియదు. పైగా అది రూట్ కెనాల్ జరుగుతుండగా తీసిన ఎక్స్‌రే, పూర్తయ్యాక తీసినది కాదు. ఆవిడని మళ్లీ పిలిచి, కొత్త ఎక్స్‌రే తీసి, నాలుగు గోడల్లో రెండు ఎలా విరిగిపోయాయో కనిపించేలా నోట్లో ఫోటో తీసి, చిగుళ్ల కొలతల చార్టు జతచేసి, డాక్టర్ చేత నాలుగు వాక్యాల నోట్ రాయించి పునఃపరిశీలనకి పంపాం. ఈసారి వచ్చింది. పన్ను అదే, అవసరమూ అదే, మారింది మేం పంపిన కాగితాలే. ఆ తర్వాత నేను ఏ ఎక్స్‌రే అయినా వేరు మొన, దాని కింద ఎముక కూడా కనిపించేదాకా పంపడం మానేశాను.

అందుకని మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. రిజెక్ట్ అయిన ఉత్తరంలో కారణం రాసి ఉంటుంది, ముందు అది చదవండి, క్లినిక్ వాళ్లు నోటితో చెప్పినదానితో ఆగిపోవద్దు. తర్వాత క్లినిక్‌కి ఫోన్ చేసి మూడు వివరాలు అడగండి. ఏ నంబరు పంటికి పంపారు, ఏ కోడ్ మీద పంపారు, ఏ తేదీ ఎక్స్‌రేలు జతచేశారు. కింద ఎడమ వైపు మొదటి పెద్ద దవడ పన్ను అయితే నంబరు 36, ఇండియాలో వాడే లెక్కే ఇక్కడా వాడతారు కాబట్టి మీ అమ్మగారి పాత రిపోర్టులతో పోల్చుకోవచ్చు. క్రౌన్ కోడ్లు ఐదంకెలవి, 27తో మొదలవుతాయి. పంటి నంబరు తప్పుగా పడి రిజెక్ట్ అయినవి నా కళ్లతో చూశాను, 36కి బదులు 37. ఎక్స్‌రే రూట్ కెనాల్ పూర్తయ్యాక తీసిందో కాదో అడగండి. ఆ తర్వాత మర్యాదగానే, కానీ స్పష్టంగా "కొత్త ఎక్స్‌రే, ఫోటో, డాక్టర్ నోట్‌తో మళ్లీ పరిశీలనకి పంపండి" అనండి. ఈ పని డెంటిస్ట్ చేయాల్సిందే, మీరు ఇంట్లో కూర్చుని పంపితే సరిపోయేది కాదు. కొన్ని క్లినిక్కులు ఈ కాగితాల పనికి విసుక్కుని "ఒకసారి రిజెక్ట్ అయితే ఇంతేనండీ, సొంతంగా వేయించుకోండి" అంటాయి. అది ఒప్పుకోకండి. మరీ పట్టించుకోకపోతే ఎక్స్‌రేలు, రికార్డులు కాపీ తీసుకుని సీడీసీపీ కేసులు ఓపికగా చూసే ఇంకో డెంటిస్ట్ దగ్గరికి వెళ్లండి, రికార్డుల కాపీ అడగడం మీ హక్కు.

ఈలోపు ఒక్క పని మాత్రం చేయనివ్వొద్దు. అనుమతి రాకముందే క్యాప్ కోసం పన్ను అరగదీయనివ్వొద్దు. "అనుమతి తర్వాత వస్తుందిలెండి, ముందు మొదలుపెడదాం" అని ఎవరన్నా సరే. ముందస్తు అనుమతి కావాల్సిన పనిని అది లేకుండా చేస్తే ప్లాన్ కట్టదు, అరిగిన పన్ను వెనక్కి రాదు, బిల్లు మొత్తం మీ మీద పడుతుంది. అలాగే ముందు మొత్తం కట్టేయండి, తర్వాత మీకు వాపసు వస్తుంది అంటే కూడా ఒప్పుకోవద్దు. ఈ ప్లాన్‌లో డెంటిస్టే నేరుగా సన్ లైఫ్‌కి బిల్లు వేసి తన వాటా తీసుకుంటారు, మీరు కట్టేది మీ వాటా వరకే.

మీ వాటా అన్నాను కదా, అనుమతి వచ్చినా సున్నా కాకపోవచ్చు, దాని గురించి కూడా ముందే తెలుసుకోండి. కుటుంబ నికర ఆదాయం 70,000 లోపు ఉంటే కో-పే, అంటే మీరు కట్టాల్సిన శాతం, లేదు. 70,000 నుంచి 79,999 వరకు 40 శాతం, 80,000 నుంచి 89,999 వరకు 60 శాతం మీరు కట్టాలి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఈ శాతాలు డెంటిస్ట్ అడిగే ఫీజు మీద కాదు, ప్లాన్ తనకు తానుగా నిర్ణయించుకున్న ఫీజు మీద. డెంటిస్ట్ ఫీజు అంతకన్నా ఎక్కువైతే ఆ తేడా కూడా మీదే. ఊరికే లెక్క కోసం, డెంటిస్ట్ 1,400 అడుగుతున్నారు, ప్లాన్ ఫీజు 1,100 అనుకుందాం. కో-పే లేని మీ అమ్మగారు కూడా ఆ 300 కట్టాలి. 40 శాతం వాళ్లయితే 440 ప్లస్ 300, అంటే 740. 60 శాతం వాళ్లయితే 960 దాకా వెళ్తుంది, అప్పుడు ప్లాన్ కట్టేది 440 మాత్రమే. కొంతమంది డెంటిస్టులు ప్లాన్ ఫీజుకే చేస్తారు, తేడా అడగరు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "సీడీసీపీ ఫీజుకే చేస్తారా, తేడా తీసుకుంటారా" అని అడగడంలో సిగ్గేమీ లేదు, రోజూ మాకు ఇరవై మంది అడుగుతారు. క్యాప్ తయారుచేసే ల్యాబ్ ఖర్చు ఎస్టిమేట్‌లో కలిసి ఉందా, విడిగా వేస్తారా అన్నది కూడా కాగితం మీద రాయించుకోండి. మీకు చెప్పిన 1,600లో ల్యాబ్ ఉందో లేదో నాకు అనుమానమే.

అన్నీ సరిగ్గా పంపినా మళ్లీ రిజెక్ట్ అయితే? కావచ్చు, ముఖ్యంగా ఎముక బాగా తగ్గిపోయిన పళ్లకి. అప్పుడు కారణం మారుతుందో లేదో చూడండి. "ఫిల్లింగ్‌తో సరిపోతుంది" అని వస్తే, పంటి మొనలన్నీ కప్పేలా పెద్ద ఫిల్లింగ్ వేయించండి, క్యాప్ అంత గట్టిది కాదు కానీ కొన్నేళ్లు లాక్కొస్తుంది, ఫిల్లింగ్ ప్లాన్‌లో ఉంది. "పన్ను నిలవదు" అని వస్తే మాత్రం 1,600 సొంత డబ్బు పెట్టి క్యాప్ వేయించే ముందు ఇంకో డెంటిస్ట్ అభిప్రాయం తీసుకోండి, ఎందుకంటే ఒక్కోసారి ఆ కన్సల్టెంట్ చెప్పిందే నిజం. పన్ను తీసేస్తే ఆ ఖాళీలో ఇంప్లాంట్ పెట్టిద్దాం, బ్రిడ్జ్ కట్టిద్దాం అని ఎవరైనా అంటే, ఆ రెండూ ఈ ప్లాన్‌లో లేవు, అనుమతి అడగడానికి కూడా లేదు. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు మాత్రం ఉంది. టొరంటో యూనివర్సిటీ డెంటల్ కాలేజీలో విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో తక్కువ ఫీజుకి చేస్తారు, చాలాసార్లు తిరగాలి, కానీ పని బాగుంటుంది, ఓపిక ఉన్నవాళ్లకి నేను పంపిస్తుంటాను.

హైదరాబాద్ వెళ్లినప్పుడు వేయించుకుంటే పోలా అని మన వాళ్లందరూ అడిగే ప్రశ్న మీరు అడగలేదు, కానీ ఆలోచిస్తూనే ఉంటారు. ఇండియాలో చేయించినదానికి సీడీసీపీ పైసా కట్టదు, కెనడాలో లైసెన్స్ ఉన్నవాళ్లు చేసినదానికే కడుతుంది. అయినా రెండుసార్లూ రిజెక్ట్ అయి, పంటికి నొప్పి, వాపు లేకుండా ఉండి, ప్రయాణం ఎలాగూ ఉంటే, మంచి డెంటిస్ట్ దగ్గర వేయించుకోవడం తప్పేమీ కాదు. క్యాప్ కోసం కొలత ఇచ్చాక అది తయారై రావడానికి రోజులు పడుతుంది, సరిగ్గా కూర్చోకపోతే సరిచేయించుకోడానికి ఇంకొన్ని రోజులు కావాలి, కాబట్టి విమానం ఎక్కే రెండు రోజుల ముందు పెట్టుకోకండి. ఇక్కడి ఎక్స్‌రేలు పట్టుకెళ్లండి, అక్కడివి వెనక్కి తీసుకురండి. ఇక్కడైనా అక్కడైనా సొంతంగా కట్టిన డబ్బుకి రసీదులు దాచండి, అవి ట్యాక్స్ రిటర్న్‌లో వైద్య ఖర్చుల కింద చూపించవచ్చు. అమ్మగారి లేదా నాన్నగారి రిటర్న్‌లో లైన్ 33099. వాళ్లు మీ మీద ఆధారపడి ఉంటే, కట్టింది మీరైతే మీ రిటర్న్‌లో లైన్ 33199. ఆదాయంలో 3 శాతం దాటిన ఖర్చుకే లాభం ఉంటుంది కాబట్టి తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఆ గీత త్వరగా దాటుతుంది, అయితే వాళ్లకి కట్టాల్సిన ట్యాక్సే లేకపోతే మీ రిటర్న్‌లో చూపించడమే మేలు.

చివరిగా తేదీల సంగతి, ఎందుకంటే పెద్దవాళ్లు వేసవిలో ఊరెళ్లి ఇదే మర్చిపోతారు. కవరేజీ ఏడాది జూలై 1 నుంచి జూన్ 30 వరకు. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి, దానికి ఇద్దరూ, అంటే అమ్మగారూ నాన్నగారూ, అంతకుముందు ఏడాది రిటర్న్ ఫైల్ చేసి నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ (రిటర్న్ చూశాక ట్యాక్స్ శాఖ పంపే ఉత్తరం) వచ్చి ఉండాలి. మాకు తెలిసిన ఒక జంటలో ఆవిడ ఫైల్ చేశారు, ఆయనకి ఇక్కడ ఆదాయం లేదని చేయలేదు, ఇద్దరి కవరేజీ ఆగిపోయింది. అనుమతి ఉత్తరం చేతిలో ఉన్నా, క్యాప్ పెట్టే రోజున కవరేజీ లేకపోతే ఆ ఉత్తరం పనిచేయదు. రెన్యువల్ దగ్గరపడుతుంటే క్యాప్ బిగించే అపాయింట్‌మెంట్ జూన్ లోపే పెట్టమని అడగండి, లేదా ముందు రెన్యువల్ పూర్తిచేసుకోండి.

మళ్లీ పరిశీలన ఫలితం వచ్చేదాకా అమ్మగారిని ఆ వైపు నమలొద్దనండి, తాత్కాలిక ఫిల్లింగ్ కొంచెం ఊడినా అదే రోజు క్లినిక్‌కి ఫోన్ చేయండి, "క్యాప్ వేసేటప్పుడు చూద్దాంలే" అనుకోవద్దు, ఉమ్మి లోపలికి దిగితే చేసిన రూట్ కెనాల్ కూడా పాడవుతుంది. ఉత్తరంలో ఏ కారణం రాశారో ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, పేరు, మెంబర్ నంబరు చెరిపేసి. డాక్టర్ నోట్‌లో ఏం రాయించాలో చూసి చెబుతాను.